కూటి కోసం మతమా?

"కూటి కోసం కోటి విద్యలు" అన్నారు మన పెద్దలు. జానెడు పొట్ట కోసం మనిషి పడే నానా అవస్థలు చూసి, జాలిపడి అన్నమాట అది. ఆ మాటనే కాస్త తిప్పి ఎదుటివాడి మొగాన కొట్టామంటే అందులో జాలి ఇగిరిపోయి ఎత్తిపొడుపు మిగులుతుంది. క్రైస్తవులను గురించి మన పల్లెల్లో తరాలుగా నలుగుతున్న మాట అటువంటిదే. "కరువొచ్చింది, దొరలు గంజి పోశారు, వీళ్ళు కిరస్తానంలో కలిశారు" అంటారు. గంజి రోజులు పోయి గోధుమ రవ్వ రోజులు వచ్చాయి. గోధుమ రవ్వ పోయి పాలపొడి వచ్చింది. అదీ పోయింది. మాట మాత్రం నిక్షేపంగా నిలిచి ఉన్నది.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి. తెలుగులో ఎం.ఏ. చేసి, పదిహేడేళ్ళుగా కళాశాల పిల్లలకు పద్యాలూ, వ్యాకరణమూ చెప్పుకుంటూ వర్గల్‌లో కాపురం ఉంటున్నాను. మా ఊరి గుట్టమీద సరస్వతీదేవి ఆలయం ఉన్నది. చంటిబిడ్డలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు వస్తారు. చదువు చెప్పి బతికేవాణ్ణి గనుక ఆ పలకా బలపాల సందడి నాకూ ఇష్టమే. ఈ ఊళ్ళో నన్నెవరూ వేరుగా చూసింది లేదు. అయినా టీ కొట్టు దగ్గర, పెళ్ళి పందిట్లో, ఒక్కొక్కప్పుడు చదువుకున్నవారి గదుల్లో సైతం ఆ పాత మాట నవ్వుతూనే చెవిన పడుతుంది. అన్నవారికి దానిలో ఉన్న పదును తెలియదు. విన్నవాడికి తెలుస్తుంది.

కోపం తెచ్చుకుంటే ఆ మాటకు జవాబు దొరకదు. మన వైపు కోమటి కొట్టులో ఖాతా పుస్తకానికి రెండు పక్కలుంటాయి గదా, జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు. ఆకలి రోజుల్లో క్రీస్తును నమ్మినవారికి ఏం ముట్టింది, వారు ఏం చెల్లించారు అన్న లెక్కను ఆ రెండు పక్కలా ఒకసారి చూద్దాం.

మెదకు రాళ్ళు

మాకు దగ్గరలో ఉన్నదే మొదట చూద్దాం. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా మా వర్గల్ మెదకు జిల్లాలోనిదే. నాచారం, తూప్రాను మీదుగా వెళితే మెదకులో ఆ మహాదేవాలయం కనబడుతుంది. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల ఎత్తు గంట గోపురం. లోపల సుమారు అయిదు వేలమంది కూర్చోవచ్చు.

దాన్ని కట్టించినవాడు ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ. 1895లో సికింద్రాబాదులో దిగి, తిరుమలగిరి దండులో ఇంగ్లీషు సోల్జర్ల మధ్య కొన్నాళ్ళు పనిచేసి, అది తృప్తినివ్వక మరుసటి ఏడు మెదకు పల్లెలకు వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో కరువు వచ్చిపడింది. ఊళ్ళు ఊళ్ళే ఖాళీ అవుతున్నాయి. వచ్చినవాడి చేతిలో డబ్బో గింజలో పెట్టి పంపవచ్చు. ఆయన అలా చేయలేదు. పని కల్పించాడు. వేలమంది కూలీలు రాయి కొట్టారు, మోశారు, పేర్చారు. సుమారు పదేళ్ళు సాగిన పని 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ పండుగనాడు, ప్రతిష్ఠతో ముగిసింది. 2024తో ఆ గుడికి నూరేళ్ళు నిండాయి.

మా ముత్తాత ఆ రాళ్ళు మోసినవారిలో ఒకడు. ఆయన్ను నేను చూడలేదు. ఆయన కోడలు మా నాయనమ్మ నోట విన్నదే నాకు తెలిసినది. ఆ రోజుల్లో ఎవరో గింజల మాట ఎత్తి ఎగతాళి చేస్తే ముసలాయన ఒక్కటే అనేవాడట: "తిన్నం. కాదంటలేను. కని ఊకె తినలేదు."

ఈ మూడు ముక్కలకు మించి నేను చెప్పగలిగింది తక్కువ. అప్పటిదాకా ఆ మనిషికి తెలిసిన కూడు రెండు రకాలు. వెట్టికి పోతే విసిరేసిన కూడు ఒకటి, వాకిట నిలబడి అడుక్కున్న కూడు ఒకటి. పనికి కూలి అని లెక్కగట్టి చేతికిస్తే తిన్న కూడు మూడోది. ఆ మూడో కూటి రుచి వేరు. అది కడుపుతోపాటు వెన్నెముకను కూడా నిలబెడుతుంది. అతడు అందుకున్నది గింజలే కావచ్చు గాని, ఆ గింజల వెంట వచ్చిన మర్యాదను కూడా జమలో రాసుకోవాలి.

గుండ్లకమ్మ రేవు

"కూలి ఇచ్చినా, గంజి పోసినా, కడుపు కాలకపోతే ఆ మతంలోకి వచ్చేవారా?" అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే మెదకు కంటె నలభై ఏళ్ళు వెనక్కి, ఒంగోలు దాకా వెళ్ళాలి.

ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవం మొదట పాకింది మాదిగ పల్లెల్లో. దాన్ని పాకించినవాడు తెల్లదొర కంటె ముందు ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వర్తకుడు. చదువురానివాడే గాని యోగమార్గంలో గురూపదేశం పొందినవాడు, దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగినవాడు. 1866లో బాప్తిస్మం పొంది, భార్య నాగమ్మతో కలిసి ఊరూరా తిరిగి తన కులంవారికి తాను నమ్మినది చెప్పాడు. అప్పటికింకా కరువు లేదు, గంజి కేంద్రాలు లేవు.

అలా నమ్మినవారికి మూడు కట్టుబాట్లు ఏర్పడ్డాయి. ఆదివారం పని చేయరాదు. ఊరి జాతరల్లో దేవతల ముందు డప్పు కొట్టరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. కాగితంమీద చూస్తే చిన్న విషయాలే. పల్లెలో బతికేవాడికి మాత్రం ఒక్కొక్కటీ ఒక్కొక్క యుద్ధం. ఆదివారం రానన్న జీతగాడికి సోమవారం పని ఉండదు. డప్పు కొట్టనన్నవాడు ఊరి కట్టును ధిక్కరించినవాడవుతాడు. కరణమూ మునసబూ కన్నెర్ర చేశారు. నీళ్ళు కట్టేశారు, పనులు మానిపించారు, కొన్నిచోట్ల దెబ్బలూ కేసులూ నడిచాయి. చచ్చిన గొడ్డు మాంసం మానడమంటే, ఏడాదిలో కొన్ని నెలలపాటు దొరికే ఒక్క తిండినీ మానుకోవడమన్నమాట. కూటి కోసం మతంలో కలిసినవాడు ఉన్న కూడు వదులుకుంటాడా? లెక్కలో ఇది ఖర్చు పక్క.

ఇక కరువు సంగతి. 1876లో వానలు తప్పి దక్షిణదేశమంతా రెండేళ్ళపాటు మాడిపోయింది. మదరాసు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వించింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో సుమారు మూడున్నర మైళ్ళ పని కంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పని తవ్వే చోట బోధకులే మేస్త్రీలయ్యారు. పొద్దంతా మన్ను మోసిన కూలీలు విశ్రాంతి వేళ వారి చుట్టూ మూగి తమ దుఃఖం చెప్పుకునేవారు, వారు చెప్పేది వినేవారు.

కిరస్తానంలో కలుస్తామని జనం వెంటబడ్డారు. ఎవరైనా ఏం చేస్తారు? సంతోషించి పేర్లు రాసుకుంటారు. క్లౌ ఆ పని చేయలేదు. కరువు తీరేదాకా, సుమారు పదిహేను నెలలపాటు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. తిండి కోసం వచ్చారన్న మాట వారికి రాకూడదని, ఆ భ్రమ తనకూ ఉండకూడదని. వానలు పడి, కరువు పనులు ముగిసి, పంచడానికి తనవద్ద ఏమీ లేదని కబురు చేసిన తరువాతనే తలుపు తెరిచాడు.

అప్పుడు వచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున, 1878 జూలై 2న 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3536 మంది. నీళ్ళలో దిగి ఆ సంస్కారం జరిపినవారు మన తెలుగు బోధకులే. ఒకసారికి ఇద్దరు చొప్పున ఆరుగురు వంతులు మార్చుకుంటూ పొద్దుగూకేదాకా నిలిచారు. దొర గట్టుమీదనే ఉన్నాడు.

ఆ జనంలో ఒక్కరి మనసులోనూ మేలు ఆశ లేదని నేననను. మనిషి మనసు అంత తేటనీరేమీ కాదు. కాని గంజి ఉన్న రోజున తలుపు మూసి, గంజి అయిపోయిన రోజున తీస్తే ఇంతమంది వచ్చారన్నది కూడా జరిగిన సంగతే. ఎత్తిపొడిచే నోరు ఈ రెండో సంగతిని ఎందుకో చెప్పదు.

కాటి సీనులో క్రైస్తవ కవి

పాఠం చెప్పేవాణ్ణి గనుక ఇక్కడ గుర్రం జాషువాను తలచుకోకుండా ఉండలేను. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. ఊరు అతణ్ణి అంటరానివాడన్నది. సంస్కృతమూ పురాణాలూ చదువుతున్నాడని క్రైస్తవ పెద్దలు కొందరు అతణ్ణి దూరం పెట్టారు. ఇటువాడు కాడని అటువారూ, అటువాడు కాడని ఇటువారూ తలుపులు మూస్తే మధ్యన నిలబడి పద్యం రాశాడు. కడుపు నింపుకోవడానికి రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పేవాడుగా కూడా పనిచేశాడు.

1941లో వచ్చిన ‘గబ్బిలం’ కావ్యంలో అతని నాయకుడు కాశీలో ఉన్న శివుడికి తన గోడు చెప్పుకోవాలి. గుళ్ళోకి మనిషికి ప్రవేశం లేదు. గబ్బిలానికి ఉన్నది. అందుకని గబ్బిలాన్ని పంపించాడు. అదే కవి తరువాత ‘క్రీస్తు చరిత్ర’ రాస్తే దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది.

అన్నిటికంటె చిత్రమైన సంగతి మరొకటున్నది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి గారి హరిశ్చంద్ర నాటకం చూడని పల్లె తెలుగుదేశంలో ఉండదేమో. అందులో కాటి సీను వచ్చిందంటే నటుడు జాషువా రాసిన శ్మశానవాటి పద్యాలు ఎత్తుకోవలసిందే. జనం వన్స్‌మోర్ అనవలసిందే. రాజ్యం, ఆలు, బిడ్డ అన్నీ పోయిన హరిశ్చంద్రుడు వల్లకాట్లో నిలబడినప్పుడు అతని నోట పలికే దుఃఖం ఒక క్రైస్తవ కవి దుఃఖం. ఆ పద్యం వింటూ కన్నీరు తుడుచుకునేవాడు కవి కులమేదని అడగడు, మతమేదని అడగడు.

కష్టం విషయంలో మన హరిశ్చంద్రునికి బైబిలులో ఒక జోడీ ఉన్నాడు. అతడి పేరు యోబు. నీతిమంతుడు. పశువులు పోయాయి, బిడ్డలు పోయారు, ఒళ్ళంతా కురుపులు లేచాయి. స్నేహితులు ముగ్గురు వచ్చి ఏడు రోజులు నోరు మెదపకుండా దగ్గర కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉన్నది. తరువాత నోరు విప్పారు: నీవేదో పాపం చేసి ఉంటావు, లేకపోతే దేవుడు ఇంత కష్టం పెడతాడా అని. యోబు ఒప్పుకోలేదు. దేవునితో వాదించాడు, కసిరాడు, తాను పుట్టిన రోజును తిట్టుకున్నాడు. కథ చివర దేవుడు ఎవరిని మందలించాడనుకున్నారు? తన పక్షాన మాట్లాడామనుకున్న ఆ ముగ్గురు స్నేహితులను. సరిగా మాట్లాడినవాడు యోబే అన్నాడు. కష్టంలో ఉన్నవాణ్ణి పట్టుకుని నీ కర్మ అనేవాడు, నీ విశ్వాసం చాలలేదు అనేవాడు, ఏ మతంలో ఉన్నా, ఆ ముగ్గురి వంశంలోనివాడే.

పిడికెడు బియ్యం

ఈ గ్రంథం మా నాయనమ్మ చదవలేదు. ఆమెకు అక్షరం రాదు. కాని దాని సారం ఆమెకు తెలుసునని నాకు 2002 కరువులో అర్థమయింది. ఆ ఏడు ఎడ్లజతను అమ్మి వేయించిన రెండో బోరు కూడా నీటిబొట్టు లేకుండా తెల్లటి దుమ్ము పోసింది. ఆ ఎండాకాలంలోనే మా చిన్నాయన జబ్బుచేసి పోయాడు. నాయనమ్మ రోజూ రాత్రి ప్రార్థనకు కూర్చునేది. అది ప్రార్థనలాగా ఉండేది కాదు, పంచాయితీలాగా ఉండేది. "నా పెద్దపానం ఉండంగ చిన్నపానం ఎందుకు తీస్కపోయినవ్? నీకు కండ్లు లేవా?" అని గట్టిగా అడిగేది.

నేనొక రోజు, "నాయనమ్మా, దేవుణ్ణి అట్లా అనవచ్చునా?" అన్నాను.

"దేవునితోటి కొట్లాడుడు తప్పుగాదు బిడ్డా. మాట్లాడుడు బందువెడితే తప్పు" అన్నది.

సిలువమీద క్రీస్తు కూడా తనను ఎందుకు విడిచిపెట్టావని తండ్రిని అడిగినవాడే గదా!

మన తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం అనే ఆచారం ఒకటున్నది. ఇంటి ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా, వండబోయే బియ్యంలోనుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం అది గుడికి చేరుతుంది. అటునుంచి లేనివారికో, సంఘం ఖర్చులకో పోతుంది. ఆ కరువు ఏడు మా ఇంట్లో సోలెడు బియ్యంతో పూట గడపవలసిన రోజులు వచ్చాయి. అయినా నాయనమ్మ చెయ్యి ఆ కుండవైపు పోతూనే ఉన్నది. మా అమ్మ ఉండబట్టలేక, "అత్తా, ఈ ఒక్క ఏడు ఆపితే ఏమైతది?" అన్నది.

"మనకంటె లేనోళ్ళు ఊర్ల లేరా? వాళ్ళకు ఏమైతదో సూడు" అన్నది నాయనమ్మ.

నేను వేదాంత గ్రంథాలు కొన్ని చదివాను. విశ్వాసానికి ఇంతకంటె సూటియైన వ్యాఖ్యానం నాకు దొరకలేదు. కష్టం తొలగలేదు. బోరులో నీరు పడలేదు. చిన్నాయన తిరిగి రాలేదు. కాని ఆకలి మనిషిని ఎంత చిన్నవాణ్ణి చేయగలదో, ఆమె అంత చిన్నది కాలేదు. గంజి కోసం కలిశారన్న ఇంటినుంచి కరువు ఏట కూడా బియ్యం బయటికే నడిచింది.

నేటి చిట్టా

ఈ లెక్క పాతకాలంతో ముగిసిపోలేదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్.సి. హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించలేదు. క్రైస్తవం పుచ్చుకున్న ఎస్.సి. కుటుంబాలను మన రాష్ట్రంలో బి.సి.-సి కింద చేర్చారు. రిజర్వేషను నూటికి ఒకటి. అది న్యాయమా కాదా అన్న వాదం పెద్దది, ఈ వ్యాసంలో ఇమిడేది కాదు. నేను చెప్పేదల్లా ఇది: పల్లెలో అంటరానితనం మతం అడిగి వదిలిపెట్టదు గాని, కాగితం మాత్రం మతం అడుగుతుంది. నేను నమ్మినది ఇది అని ఆఫీసులో రాసిచ్చినవాడు తన బిడ్డ సీటునూ ఉద్యోగాన్నీ పణంపెట్టి రాసిస్తున్నాడు. రాసివ్వలేక, ఇంట్లో ఒక మాట కాగితంమీద ఒక మాటగా బతికేవారూ ఉన్నారు. వారిని నేను తప్పుపట్టను. ఆ భారం ఎంతో మోసేవాడికే తెలుస్తుంది. కాని ఇందులో లాభం ఎక్కడున్నదో వెతికి చూపించమని మాత్రం అడుగుతాను.

మావారిని గురించి కూడా ఒక మాట చెప్పకపోతే తూకం చెడుతుంది. గుడి లోపల కులం పోయిందని గుండెమీద చెయ్యివేసుకుని చెప్పలేం. పెళ్ళి సంబంధాల దగ్గర అది తిరిగి తల ఎత్తుతుంది. ఇక ఈ మధ్య మైకులు పెట్టి, విశ్వసిస్తే అప్పు తీరుతుంది, వీసా వస్తుంది, మేడ లేస్తుంది అని చెప్పే బోధకులు బయలుదేరారు. కూటి కోసం మతం అన్న మాట, చిత్రమేమిటంటే, నాడు కడుపు కాలినవాడికి కంటె నేడు కడుపు నిండినవాడికే బాగా సరిపోతున్నది. మా ముత్తాతకు ఎవరూ మేడ ఇస్తామనలేదు. ఆయన నమ్మిన దేవుడు పశువుల పాకలో పుట్టి, వడ్రంగి పని చేసి, దొంగల నడుమ చచ్చినవాడు. అటువంటి దేవుణ్ణి నమ్మినవాడికి కష్టం ఒక ఆశ్చర్యం కాదు. కష్టంలో తాను ఒంటరిని కానన్నది ఒక్కటే అతడి ధైర్యం.

మీలో చాలామంది మెదకు గుడి చూసే ఉంటారు. రంగురంగుల అద్దాల కిటికీలూ, ఆకాశాన్నంటే గోపురమూ చూసి ఫోటోలు తీసుకునే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు బయటి గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగి, చేతికందే ఎత్తులో ఉన్న ఒక రాయిమీద చెయ్యి పెట్టి చూడండి. దాన్ని మోసుకొచ్చినవాడి పేరు ఎక్కడా చెక్కి ఉండదు. ఆ పూట అతడి కడుపులో సగం ఆకలే. కాని ఆ రాయి నూరేళ్ళు దాటినా ఇంకా కదలలేదు.